ఎవరూ అడగని ఖండన

మా అక్క ఒక మాట కాదందంటే అది అవుననే లెక్క. చిన్నప్పుడే మా ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. చక్కెర డబ్బా మూత తీసి ఉండేది, చీమలు బారులు కట్టి ఉండేవి, అక్క మూతి చుట్టూ పలుకులు మెరుస్తూ ఉండేవి. అమ్మ వంటింట్లో అడుగు పెట్టగానే, ఇంకా నోరైనా తెరవకముందే, "నేను తినలేదు" అనేది. విసిగిపోయి అమ్మ దానికి కాదమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరే ఖాయమైంది.

అప్పుడే నాలుగు తగిలించి ఉంటే ఆ బుద్ధి పోయేది. మా నాన్న తగిలించలేదు సరికదా, ముచ్చటపడ్డాడు. దీని నోటికి తిరుగులేదు, పెద్ద కొలువులో చేరుతుంది అనేవాడు. ఆయన చెప్పిన జోస్యాల్లో ఫలించింది అదొక్కటే. అక్కకి విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చింది. పత్రికా విభాగంలో, ఖండనలు రాసే సీటు.

ఏదో దేశంలో ఏదో పత్రిక మన ప్రభుత్వం గురించి ఒక వార్త వేస్తుంది. విలేకర్లు ఫోన్ చేసి నిజమేనా అని అడుగుతారు. అధికార ప్రతినిధి గారు కెమెరాల ముందు నిలబడి కాదని చదువుతారు. ఆ చదివే కాగితం మా అక్కది. గొంతు ఆయనది, టై ఆయనది, పేరు ఆయనది. ఇరవయ్యేళ్లకు పైగా ప్రతినిధులు మారారు గానీ కాగితం మారలేదు.

అక్క ఆదివారం మధ్యాహ్నాలు నా షాపుకి వచ్చేది. నాది సీటు కవర్ల షాపు. లారీలకీ, కార్లకీ రెక్సిన్ కవర్లు కుడతాను. మూల నిలువెత్తు ఫోం షీట్ల దొంతర ఉండేది, దాని పక్కనే సగం ఎత్తుది ఇంకొకటి. అక్క ఆ సగం దొంతర మీద కూర్చుని, నేను మిషను మీద కుడుతుంటే రెక్సిన్ జారిపోకుండా అంచు పట్టుకునేది. పట్టుకుని తన ఆఫీసు గొప్పలు చెప్పేది. ఒకసారి నాకు మాటల ధరలు కూడా చెప్పింది. వార్త సగం నిజమైతే "ఊహాజనితం" అని రాస్తారట. ముప్పాతిక నిజమైతే "నిరాధారం". పూర్తిగా నిజమై, ఎవరు బయట పెట్టారో కూడా తెలిస్తే "దురుద్దేశపూరితం". మరి వార్త నిజంగానే అబద్ధమైతే ఏం రాస్తారు అని అడిగాను. అలాంటివాటికి జవాబివ్వంలే అంది.

నేను నవ్వాను. ఆ రోజు నవ్వినందుకు ఇప్పుడు నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇల్లూ ఆఫీసూ ఒకటే పద్ధతి. మా బావ ఒక రోజు సూటుకేసు సర్దుకుని వెళ్లిపోయాడు. వీధి మొత్తం చూసింది. అక్క మాత్రం ఆయన క్యాంపుకి వెళ్లారంది. ఏళ్లు గడిచినా అదే క్యాంపు. పాలు పోసే మనిషి కూడా "అయ్యగారి క్యాంపు ఇంకా అవ్వలేదామ్మా" అని అడిగేవాడు, ముఖం ఎంతో అమాయకంగా పెట్టి. అక్కకి అందులో వెటకారం తెలియలేదో, తెలిసి ఖండించాల్సిన పని లేదనుకుందో. ఇంకా అవ్వలేదు అని గిన్నె చాపేది.

వాళ్ల ఆఫీసు గది నేను చూశాను. తెరుచుకోని కిటికీలు, గోడ మీద వరసగా అయిదారు రాజధానుల టైము చూపించే గడియారాలు, అందులో ఒకటి ఎప్పుడో ఆగిపోతే ఆ దేశంతో మనకి పెద్దగా పని లేదని అలాగే వదిలేశారు. మూల ఒక ఇనుప బీరువా. ఆ బీరువాలో గొడుగులుంటాయి అని అక్క మెల్లిగా చెప్పింది. గొడుగు అంటే ముందస్తు ఖండన. వార్త రాకముందే రాసి ఉంచుకునేది. ఏ గుట్టు బయటపడే ప్రమాదం ఉందో పైవాళ్లు చెబుతారు. అది ఏ రూపంలో బయటికి వస్తుందో ఊహించి, ఊరూ పేరూ లెక్కా అన్నీ సరిపోయేలా అక్క ఖండన రాసి బీరువాలో పెడుతుంది. వాన పడిన రోజు తీసి, ప్రతినిధి చేత సంతకం పెట్టించి, పత్రికలకి పంపడమే. సంతకం లేని గొడుగు బీరువా దాటదు. సంతకం పడిందంటే వాన పడినట్టే. మా పద్ధతి అలాంటిదే, ఇందులో ఒక్క పొరపాటు జరగలేదు ఇన్నాళ్లూ అని మురిసిపోయింది. గుట్టు దాచే బీరువాలో గుట్టులన్నీ పేరుపేరునా రాసి పెట్టుకున్నారన్నమాట. ఆ తెలివికి దండం పెట్టాలి.

ఇక మా ఆయన సంగతి. ఆయన లారీ డ్రైవరు. కొండదారిన సరిహద్దు దాటి సరుకు దింపి, అటు సరుకు ఎత్తుకుని వస్తాడు. సరిహద్దు దాటగానే ఒక ఫోను, తిరుగు ప్రయాణంలో ఒక ఫోను. ఆ నెల మొదటి ఫోను వచ్చింది, రెండోది రాలేదు. ఆయనతో వెళ్లిన మరో ముగ్గురి నుంచి కూడా రాలేదు. ఓనరుని అడిగితే విదేశాంగ శాఖని అడగమన్నాడు. విదేశాంగ శాఖ కౌంటరులో అమ్మాయి కొండచరియలు విరిగిపడి టవర్లు కూలాయని, దారి బాగవగానే వస్తారని చెప్పింది. నాకు ఆ శాఖలో సొంత అక్క ఉంది కదా. పైకి కబురు పెట్టాను. అక్క లిఫ్టు దిగి వచ్చింది, నాకు కుర్చీ వేయించింది, మంచినీళ్లు తెప్పించింది.

"ఫోన్లు పనిచెయ్యట్లేదే. దారి తెరుచుకోగానే మరిది గారు వచ్చేస్తారు. నువ్వు ఇలా వచ్చి కూర్చోకు, బాగోదు" అంది.

కాదు అనలేదు ఆ రోజు. కాదని ఉంటే నాకు అర్థమైపోయేది. అది కూడా లెక్క చూసుకునే మాట్లాడిందేమో అని తర్వాత అనిపించింది.

నేను నమ్మాను. ఆయన వచ్చేసరికి కొత్త సీటు కవరు సిద్ధంగా ఉండాలని మెరూన్ రంగు రెక్సిన్ తీసి కుట్టడం మొదలుపెట్టాను. వారం తర్వాత వారం అక్క వస్తూనే ఉంది. ఫోం దొంతర మీద కూర్చుని ఆ మెరూన్ రెక్సిన్ అంచు పట్టుకుంటూనే ఉంది. నడుము దగ్గర ఇంకొంచెం ఫోం వెయ్యవే, ఆయనకి నడుం నొప్పి కదా అని సలహా కూడా ఇచ్చింది.

అప్పటికి ఆవిడకి అంతా తెలుసు. అవతలివాళ్లు సరిహద్దు వంతెన దగ్గర నలుగురినీ లారీల్లోంచి దింపి, వంతెనకి ఫొటోలు తీశారని నేరం మోపి, ఒక పాత నూలు మిల్లులో పడేశారు. మామూలు రోజుల్లో అయితే రెండు దేశాలూ రంకెలు వేసేవి. కానీ ఆ రోజుల్లో రెండు ప్రభుత్వాల మధ్య ఆ కొండదారి మీద పెద్ద రవాణా ఒప్పందం నడుస్తోంది. సంతకాలయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదని ఇద్దరూ లోపాయికారీగా అనుకున్నారు. ఒకవేళ గుట్టు బయటపడితే కాదనడానికి అవసరమైన గొడుగు అక్కే రాసింది. తన చేత్తో, తన చెల్లెలి మొగుడి మీద.

బయటపడిన తీరు వింటే ఏడవాలో నవ్వాలో తెలియదు. పాత ప్రతినిధి బదిలీ అయ్యి కొత్తాయన వచ్చాడు. ఉత్సాహవంతుడట. మొదటి రోజే బీరువా తెరిపించి, గొడుగులన్నీ కొత్త ఫైల్లో పెట్టించి, అవసరం వచ్చినప్పుడు తన కోసం వెతుక్కోకూడదని ఒక్క బిగిన అన్నిటి మీదా సంతకాలు పెట్టేశాడు. ఫైలు అక్క బల్ల మీదికి వచ్చింది. అక్క బల్ల మీది నుంచి అన్నీ ఒక్కటి మిగలకుండా పత్రికలకి, రేడియోకి, టీవీకి వెళ్లిపోయాయి.

నేను షాపులో ఉన్నాను. టాక్సీ ఓనరు ఒకాయన వెనక సీటు కొలతలిస్తున్నాడు. రేడియోలో వార్తలు మొదలయ్యాయి. చదివే ఆవిడ గొంతులో మొదట్నుంచీ ఏదో తడబాటు. మంత్రిగారికి విదేశీ ఆసుపత్రిలో ఏ ఆపరేషనూ జరగలేదని శాఖ ఖండించింది అని చదివింది. మన రాయబారి విందులో ఎవరి మీదా గ్లాసు విసరలేదంది. సరిహద్దు పటంలో నది గీత పక్కకి జరగలేదంది. టాక్సీ ఆయన టేపు కింద పెట్టేశాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లని చూశాం గానీ, ఇదేంటమ్మా, ఎవరూ ఏమీ అనకుండానే తడుముకుంటున్నారు వీళ్లు" అన్నాడు.

ఇద్దరం నవ్వుతుండగానే తర్వాతది వచ్చింది. సరిహద్దు అవతల పాత నూలు మిల్లులో మన లారీ డ్రైవర్లు నలుగురు నిర్బంధంలో ఉన్నారన్న వార్త నిరాధారం, దురుద్దేశపూరితం.

ఆ వాక్యం ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా? దురుద్దేశపూరితం ధర ఎంతో నాకు తెలుసు. పూర్తిగా నిజం. మా ఆయన బతికే ఉన్నాడు, నూలు మిల్లులో ఉన్నాడు, అక్కకి తెలుసు. మూడూ ఒక్కసారే తెలిశాయి. మిషను కింద రెక్సిన్ మీద నా చెయ్యి ఉంది. చెయ్యి తీసి మిషను ఆపాను. టాక్సీ ఆయన నా ముఖం చూసి కొలతల కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది ఊరంతా చూసింది. ఏ నలుగురు డ్రైవర్లు, ఏ నూలు మిల్లు అని విలేకర్లు శాఖ మీద పడ్డారు. మేం నలుగురు ఆడవాళ్లం గేటు ముందు కూర్చున్నాం. శాఖ తేలు కుట్టిన దొంగలా రోజంతా నోరు మూసుకుని, సాయంత్రానికి ఒక కాగితం వదిలింది. ఉదయం వెలువడినట్టు చెబుతున్న ఖండనలు శాఖ వెలువరించినవి కావని అందులో ఉంది. ఖండనలకి ఖండన. అదీ అక్క చేతే రాయించారు. అది చదివి గేటు ముందు నేను ఎలాంటి మాటలన్నానో ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

అవతలి దేశం విలేకర్లు నూలు మిల్లుకి కెమెరాలు వేసుకుని వెళ్లిపోయారు. వాళ్ల ప్రభుత్వం మొదట కాదంది. కిటికీ ఊచల వెనక నుంచి చేతులు కనిపించాక అవునంది. లోకమంతా చూస్తుంటే ఇంకేం చేస్తారు, కొన్ని వారాలకి నలుగురినీ వంతెన దగ్గరికి తెచ్చి వదిలారు. రవాణా ఒప్పందం మూలబడింది. శాఖ విచారణ జరిపి, అక్కని సస్పెండ్ చేసింది. సంతకాలు పెట్టిన ప్రతినిధికి ఏమీ కాలేదు, చేతికి సంతకం పెట్టే అలవాటు ఉండటం నేరం కాదు కదా.

ఈలోగా ఒక పత్రిక పెద్ద కథనం వేసింది. శాఖలో అంతరాత్మ ఉన్న ఒక ఉద్యోగిని, సొంత మనుషుల ప్రాణాల కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టి, ఆ ఖండనలని కావాలనే బయటికి పంపిందని రాసింది. అన్నిటితో కలిపేసి పంపితే పొరపాటులా కనిపిస్తుందని ఎంత తెలివిగా ఆలోచించిందో చూడండి అని రాసింది. మిగతా ముగ్గురి భార్యలూ ఆ కాగితం కత్తిరించి దాచుకున్నారు. నన్ను వాటేసుకుని మీ అక్క దేవత అన్నారు.

నాకు ఆ కథ కావాలి. నిజం చెబుతున్నాను, ఆకలేసినవాడికి అన్నంలా కావాలి. రెండు నెలలు నా పక్కన కూర్చుని రెక్సిన్ అంచు పట్టుకున్న మనిషిని నేను క్షమించాలంటే నాకున్న దారి అదొక్కటే. లోపల కుమిలిపోయింది, సమయం కోసం చూసింది, చివరికి చేసింది. అలా అనుకుంటే ఆ ఆదివారాలన్నీ మింగగలను. లేకపోతే ఒక్కటి కూడా మింగుడుపడదు.

మా ఆయన ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. పై వరస పళ్లు రెండు లేవు. ఎలా పోయాయో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాడు. ఖండన వచ్చిన మర్నాడు అక్కడి అధికారి పత్రిక పట్టుకుని వచ్చి, మీరు ఇక్కడ లేరని మీ ప్రభుత్వమే చెబుతోంది, మరి ఇన్నాళ్లూ మా రొట్టెలు తింటున్నది ఎవరు అని నవ్వాడట. కెమెరాలు వచ్చేదాకా ఆ రెండు రోజులూ తిండి పెట్టలేదట. లేని మనుషులకి తిండెందుకని. అయినా మా ఆయనకి అక్క మీద కోపం లేదు. పత్రిక కథ ఆయనా చదివాడు.

అక్క ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలో ఆగి, షాపులో మా ఆయన్ని చూసి తల దించుకుంది. ఆయన గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"వదినా, మీ రుణం ఉంచుకోను" అన్నాడు.

అక్క వెళ్లి ఫోం దొంతర మీద తన చోట కూర్చుంది. చిక్కిపోయింది. మెరూన్ కవరు ఇంకా నా మిషను కిందే ఉంది, కుట్టడానికి చేతులు రాక ఆపేసిందే. ఆవిడ అలవాటు కొద్దీ అంచు పట్టుకుంది. నేను మిషను తొక్కలేదు.

"అక్కా, నా మొహం చూసి చెప్పు. కావాలనే పంపావు కదూ?"

అవునంటే చాలు. అబద్ధమైనా సరే, అవునను. ఇరవయ్యేళ్లుగా దేశం కోసం లక్ష అన్నావు, నాకోసం ఒక్కటి అను. నాలోపల ఇదే పరుగెత్తింది. మా ఆయన కూడా ఆవిడ వైపే చూస్తున్నాడు, నవ్వుతూ, ఆ పళ్లు లేని నోటితో.

"కాదే" అంది అక్క. "ఫైలు వచ్చింది, పైన సంతకం ఉంది. సంతకం ఉంటే పంపాలి, పంపాను. అందులో ఏమున్నాయో తిప్పి చూడలేదు. పత్రికవాళ్లు ఏదో రాశారు, అది నిజం కాదు."

"చూసుంటే?" అన్నాను.

 ఆఫీసులో మాట్లాడే గొంతుతో కాకుండా, మామూలుగా చెప్పింది.

"చూసుంటే ఆపేదాన్ని. ఒప్పందం అవగానే వదిలేస్తామన్నారు వాళ్లు. అయ్యుంటే ఆయన కాలు బాగానే ఉండేది, దారీ ఉండేది, ఇప్పుడు లారీలు తిరగడం లేదు, నీ షాపూ చూస్తున్నాను కదా. నేను రాసింది మీ మంచికే. బయటికి వెళ్లడమే పొరపాటు."

అందులో సగం నిజమే. దారి మూసేశారు, లారీలు ఆగిపోయాయి, నాకు గిరాకీ లేదు, మా ఆయనకి ఉద్యోగం లేదు. వదిలేస్తామన్నవాళ్లు వదిలేవాళ్లో కాదో ఎవరు చెప్పగలరు. కానీ నేను అడిగింది ఒప్పందం గురించి కాదు. మా ఆయన నవ్వు ఆగిపోయింది. గోడ పట్టుకుని మెల్లిగా కూర్చున్నాడు.

చక్కెర డబ్బా దగ్గర్నుంచి అధికార ప్రతినిధి దాకా, మా అక్క కాదన్నవి నేను వినీ వినీ ఉన్నాను. ఒక్కటీ నమ్మలేదు. నమ్మాల్సిన అవసరమూ రాలేదు, కాదంటే అవుననే కదా లెక్క. ఆ లెక్కన ఇది కూడా అవునే అవ్వాలి. కావాలనే పంపి ఉండాలి. ఆవిడ కళ్లలోకి చూస్తూ ఆ లెక్క చెయ్యబోయాను. చెయ్యలేకపోయాను. అబద్ధం ఆడితే నన్నూ, మరిదినీ, తన పరువునీ దక్కించుకునేది, పత్రికలో దేవతగా మిగిలేది. ఏ లాభమూ లేకుండా కాదన్నది అదొక్కటే. జీవితంలో మొదటిసారి మా అక్క ఖండనని నేను నమ్మాను.

రెక్సిన్ ఇంకా ఆవిడ చేతిలో ఉంది.

"ఆ అంచు వదులక్కా" అన్నాను.

వదిలింది. కవరు జారి కింద పడింది. ఆవిడ వంగి తీయబోతే వద్దన్నాను.